ప్రాణహిత అవతలి గట్టు

లక్సెట్టిపేటలో ఎవరినైనా మహారాష్ట్ర ఎటువైపు అని అడిగితే చెయ్యి ఉత్తరానికో పడమరకో పోతుంది. నాందేడు అటు, చాందా అటు. తప్పేమీ లేదు. కానీ ఊరి మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని తూర్పు దిక్కుకు, గోదారి పారే వైపుకే సుమారు వంద కిలోమీటర్లు పోయినా వచ్చేది మహారాష్ట్రే. పటంలో ఆ రాష్ట్రం ఆగ్నేయ మూల తోకలా కిందికి జారిన ముక్క ఒకటుంది. దానికి పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. నీళ్ళ అవతల ఇటు తెలంగాణ, అటు ఛత్తీస్‌గఢ్. గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా అది. మాట తెలుగు, బోర్డు మరాఠీ. వానలు వెనకబట్టి పత్తి ఏరుళ్ళు జోరుమీదున్న రోజుల్లో అటు బయలుదేరాను.

నది సరిహద్దు కావడం లక్సెట్టిపేటకు కొత్తేమీ కాదు. గోదారికి ఈవల ఆదిలాబాదు, ఆవల కరీంనగరు. రాయపట్నం వంతెన దాటితే జిల్లా మారిపోయేది. ఆవలి గట్టున ధర్మపురి నరసింహస్వామి, ఈవలి గట్టున గూడెం గుట్ట సత్యనారాయణస్వామి. మొక్కులూ పెండ్లిళ్ళూ మాత్రం రెండు గట్లకూ నడుస్తూనే ఉండేవి. 2016 అక్టోబరు 11న జిల్లాలు చీలాక ఈవల మంచిర్యాల అయింది, ఆవల జగిత్యాల అయింది. అంతకుముందు సంగతి చూస్తే నిజాం హైదరాబాదు, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్, 2014 నుంచి తెలంగాణ. ఊరు ఉన్నచోటే ఉంది, చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. ఈ లెక్కలో సిరొంచ మనల్ని ఎప్పుడో దాటిపోయింది. ఆ కథ కోసమే ఈ ప్రయాణం.

మంచిర్యాల దాకా దారిలో చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. మంచిర్యాలలో రైలు పట్టాల సంగతి మాత్రం గుర్తుపెట్టుకోవాలి, దాని పని ముందు ముందు ఉంది. జైపూర్ దగ్గర సింగరేణి కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు చాలాసేపు వెంట వస్తాయి. చెన్నూరులో గోదావరి ఉన్నట్టుండి ఉత్తరానికి తిరిగి పారుతుంది. ఉత్తరవాహిని అని అక్కడ స్నానానికి విలువ ఎక్కువ, అగస్త్యేశ్వరుడి గుడి పాతది. చెన్నూరు దాటాక ట్రాఫిక్ పలచబడి, కోటపల్లి మండలం అడవి మొదలవుతుంది. చెల్కల నిండా తెల్లగా పత్తి. అర్జునగుట్ట రాగానే ఎదురుగా వంతెన. ఈ వంతెన లేని రోజుల్లో ఇక్కడ నాటుపడవలే దిక్కు. మోటారు సైకిళ్ళను కూడా పడవల మీదే దాటించేవాళ్ళు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే ఇసుకలో దారి చేసుకుని నడిచేవాళ్ళు. వాన పడితే సంబంధాలు తెగేవి.

వంతెన నడుమ ఆగి చూస్తే తెలుస్తుంది, ప్రాణహితను ఉపనది అనడం ఎంత తక్కువ మాటో. వైన్‌గంగా, వార్ధా రెండూ తుమ్మిడిహెట్టి దగ్గర కలిస్తే ప్రాణహిత పుడుతుంది. వార్ధాలో అప్పటికే పెన్‌గంగ కలిసి ఉంటుంది. పుట్టిన తర్వాత నడిచేది 113 కిలోమీటర్లే. కానీ మొత్తం గోదావరి పరీవాహకంలో మూడో వంతుకు పైగా ఈ నదిదే. పైనుంచి వచ్చే గోదావరిని జాయక్‌వాడీ దగ్గర ఆపారు, పోచంపాడు దగ్గర ఆపారు, ఎల్లంపల్లి దగ్గర ఆపారు. ప్రాణహితను ఎవరూ ఆపలేదు. అందుకే రెండూ కలిసే సంగమం దగ్గర నిలబడ్డవాడికి ఏది ఏ నదిలో కలుస్తోందని అనుమానం రాక మానదు.

వంతెన దిగగానే ఫోనులో మహారాష్ట్రకు స్వాగతం అంటూ మెసేజి వచ్చింది. మిగతాదేదీ మారలేదు. ఆవులు అవే, తాటిచెట్లు అవే, చీరకట్టు అదే. సిరొంచ బజారులో బోర్డులన్నీ మరాఠీలో ఉన్నాయి, బేరాలన్నీ తెలుగులో సాగుతున్నాయి. టీకొట్టాయనను ఏం భాష అన్నా మీది అని అడిగాను. వెర్రి ప్రశ్న విన్నట్టు చూశాడు.

"ఇంట్ల తెలుగే. బడిల మరాఠీ. కచేరీకి పోతే మరాఠీ. దవాఖానకు పోతే మళ్ళ తెలుగే, మంచిర్యాలకో వరంగల్లుకో పోతం గదా. గడ్చిరోలి పోవాల్నంటే తెల్లారకముందే బస్సెక్కాలె. రెండు వందల కిలోమీటర్ల మీదనే ఉంటది, ఆలాపల్లి రోడ్డు ఎట్లుంటదో ఎక్కినోనికే ఎరుక."

వాళ్ళ అక్కను చెన్నూరు ఇచ్చారు. భార్యది మహాదేవపూర్. బిడ్డను మాత్రం అహేరి ఇచ్చాడు. మా దగ్గర పట్వారీ, పహాణీ అంటాం. వీళ్ళది తలాఠీ, సాత్‌బారా. "రైతుబంధు పడ్డ ఏడాది మా బామ్మర్ది ఫోన్ చేసి ఒకటే సతాయించిండు, మీ గవర్నమెంటు ఏమిచ్చిందిరా బావా అని. ఇప్పుడు మా ఆడోళ్ళకు లాడ్కీ బహీణ్ పైసలు పడ్డప్పుడల్లా నేను చేస్తున్న వానికి." పక్క బల్ల మీద ఉన్నవాళ్ళు నవ్వారు. అందరికీ నది అవతల ఒక బావమరిది ఉన్నట్టే ఉంది.

ఊళ్ళ పేర్లు అడుగుతూ పోయాను. అంకీస, అసరెల్లి, రేగుంట, పెంటిపాక, రంగయ్యపల్లి, నగరం, పోచంపల్లి. ఇవన్నీ మహారాష్ట్ర ఊళ్ళు. వీటి మధ్య ఒకచోట గ్లాస్‌ఫోర్డ్‌పేట! 1860లలో ఇక్కడ దొరగా ఉన్న కెప్టెన్ గ్లాస్‌ఫర్డ్ పేరది. ఒక ఇంగ్లీషువాడి పేరుకు తెలుగు పేట తగిలించి, మరాఠీలో రాసుకుని, ఏ ఇబ్బందీ లేకుండా వాడుకుంటున్నారు. ఆ దొర ఈ అడవి మూలకు ఎందుకొచ్చాడన్నదే సిరొంచ చరిత్ర.

దానికి పత్తి కారణం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేసిన ఆర్థర్ కాటన్‌కు గోదావరిని చూస్తే పొలాలతో పాటు పడవలూ కనిపించేవి. బెరార్‌లో, హింగన్‌ఘాట్‌లో పండే పత్తి వార్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా పడవల్లో దిగి సముద్రం చేరాలన్నది ఆయన పథకం. అడ్డం వచ్చినవి మూడు రాతి మెట్టలు: దుమ్ముగూడెం దగ్గర ఒకటి, ఇచ్చంపల్లి దగ్గర రెండోది, ప్రాణహిత మీద దేవల్‌మర్రి దగ్గర మూడోది. ఒక్కోచోట ఆనకట్ట, కాలువ, లాకులు కట్టి పడవను మెట్ట దాటించాలి. కెప్టెన్ హేగ్ అనే ఇంజినీరు పని మొదలుపెట్టాడు. కానీ ఎడమ గట్టు నిజాముది. పరాయి గట్టు మీద పని నడవదు. 1857 తిరుగుబాటులో తమ పక్షాన నిలిచిన నిజాం అఫ్జలుద్దౌలాతో ఇంగ్లీషువాళ్ళు 1860 డిసెంబరులో కొత్త ఒడంబడిక రాసుకున్నారు. నిజాముకు నల్‌దుర్గ్, రాయచూరు దోఆబ్ తిరిగొచ్చాయి, షోరాపూర్ దక్కింది, పాత అప్పు మాఫీ అయింది. బదులుగా గోదావరి ఎడమ గట్టు తాలూకాలు ఇంగ్లీషువాళ్ళకు పోయాయి. ఆ నది మీద నడిచే సరుకుకు సుంకం వేయకూడదన్న షరతూ అందులోనే ఉంది.

పోయిన తాలూకాలు ఆరు: రేకపల్లి, భద్రాచలం, చర్ల, ఆల్బాక, నూగూరు, సిరొంచ. వీటిని కలిపి ఎగువ గోదావరి జిల్లా అని పేరు పెట్టి, సిరొంచను జిల్లా కేంద్రం చేశారు. సర్కారు కచేరీ వచ్చింది, దొరల బంగళాలు వచ్చాయి. ఇవాళ గడ్చిరోలి కలెక్టరు ఆఫీసుకు పోవడానికి చద్ది కట్టుకుని బయలుదేరే ఊరు ఒకనాడు తానే కలెక్టరు ఊరు. నది దారిగా ఉంటుందనుకున్నంత కాలం సిరొంచ నడిబొడ్డు. నది గీత అయ్యాక కొసాకు. ఈ ఊళ్ళో నేను చూసిన ప్రతిదానికీ ఈ ఒక్క సంగతే తాళం చెవి అనిపించింది.

ఒడంబడిక సిరా ఆరకముందే 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. లింకన్ నౌకాదళం దక్షిణ రాష్ట్రాల రేవులన్నిటినీ దిగ్బంధించింది. మాంచెస్టరు మిల్లులకు పత్తి కరువైంది. అప్పుడు గోదావరి పథకానికి ఇంగ్లండులో ఎక్కడలేని మొగ్గు వచ్చింది. సరిగ్గా అదే సమయంలో భూమికి అటువైపు ఇంకో సరిహద్దు నది మీద ఇంకో ఊరు పత్తితో ఉబ్బిపోయింది. మెక్సికోలోని మాతామోరోస్. రియో గ్రాండే నది 1848 సంధితో రెండు దేశాల మధ్య గీత అయింది. ఇటు మాతామోరోస్, అటు టెక్సస్‌లో బ్రౌన్స్‌విల్. ఆ సంధి ప్రకారం నది మీద రాకపోకలను ఎవరూ అడ్డుకోకూడదు. ఆ ఒక్క సందు చాలు. టెక్సస్ పత్తి బళ్ళ మీద నది చేరి, దాటి, మెక్సికో సరుకై, నది ముఖద్వారం దగ్గర బాగ్దాద్ అనే ఇసుక రేవులో ఓడలెక్కి లివర్‌పూల్ పోయేది. యుద్ధం ముగిశాక బాగ్దాద్ పాడుపడింది, మిగిలిందాన్ని తుఫాన్లు ఊడ్చేశాయి. మాతామోరోస్ మాత్రం నిలబడింది. సిరొంచకు ఆ నాలుగేళ్ళ వైభవమైనా దక్కలేదు. లాకులు పూర్తి కాకముందే పత్తి వేరే దారి చూసుకుంది.

ఆ వేరే దారి రైలు. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. బెరార్ పత్తికి ఇక నదితో పనిలేదు. 1871లో నౌకాయానం పనులు ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మిగిలింది, పైనున్న రెండు మెట్టలూ మెట్టలుగానే ఉండిపోయాయి. 1874లో జిల్లానే రద్దు చేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు పోయాయి. చర్ల, ఆల్బాక, నూగూరు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వాటి వెంటే పోయాయి. ఆరింట్లో అయిదు అట్లా ఏదో ఒక దారిన తెలుగు రాష్ట్రాల్లోకి చేరుకున్నాయి. సిరొంచ ఒక్కటే చాందా జిల్లాలో మిగిలిపోయింది. సెంట్రల్ ప్రావిన్సెస్, తర్వాత మధ్యప్రదేశ్, 1956లో బొంబాయి రాష్ట్రం, 1960 మే 1న మహారాష్ట్ర, 1982లో చాందా చీలి గడ్చిరోలి. భాషను బట్టి రాష్ట్రాలు గీసిన ఏడాది కూడా ఈ తెలుగు తాలూకా గీతకు అవతలే ఉండిపోయింది. అదే ఏడాది ఆదిలాబాదు నుంచి రాజూరా బొంబాయి రాష్ట్రానికి పోయింది. ఒకవైపు అంత శ్రద్ధగా గీశారు, ఇటువైపు చూడలేదా? నది ఉంది కదా, ఇంకేం గీయాలి అనుకుని ఉంటారని నా ఊహ.

మంచిర్యాల పట్టాల సంగతి ఇప్పుడు చెప్పాలి. కాజీపేట నుంచి బల్లార్షా దాకా లైను 1920ల చివర్లో పూర్తయింది. 1929లో గ్రాండ్‌ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నడిచింది. ఆ లైను మీద బెల్లంపల్లి బొగ్గు, కాగజ్‌నగర్ కాగితం, మంచిర్యాల సిమెంటు వచ్చాయి. ప్రాణహితకు ఈవలి గట్టు కార్మికుల గట్టు అయింది. ఆవలి గట్టు టేకు అడవిగానే ఉంది. ఇవాళ సిరొంచ పిల్లవాడు రైలు చూడాలంటే నది దాటాల్సిందే.

గీతకు ఇంకో వాడకం ఉంది. నది దాటితే పోలీసు మారతాడు. 1858లో మొలంపల్లి జమీందారు బాబూరావు శెడ్‌మాకే గోండు యువకులను కూడగట్టి ఇంగ్లీషువాళ్ళ మీద తిరగబడ్డాడు. ఆ ఏప్రిల్‌లో ప్రాణహిత గట్టున టెలిగ్రాఫు పనివాళ్ళ మకాం మీద దాడి జరిగి ఇద్దరు ఇంగ్లీషు ఉద్యోగులు చనిపోయారు. అక్టోబరు 21న బాబూరావును చాందా జైలులో ఉరితీశారు. నూట ఇరవై ఏళ్ళ తర్వాత, పీపుల్స్‌వార్ ఏర్పడిన 1980లోనే, దళాలు నదులు దాటి ఇటు వచ్చాయి. బెల్లంపల్లి నుంచి వచ్చిన పెద్ది శంకర్ ఆ నవంబరులో సిరొంచ తాలూకా మోయబిన్‌పేట దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. మహారాష్ట్రలో ఆ ఉద్యమపు తొలి మృతుడు అతనే. తర్వాతి దశాబ్దాల రక్తం గురించి బజారులో ఎవరూ వాళ్ళంతట వాళ్ళు మాట్లాడరు. నేనూ అడగలేదు.

మందు గురించి మాత్రం అడగకుండానే చెబుతారు. గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం. జనం ఉద్యమించి తెచ్చుకున్న నిషేధం అది, అందులో ఆడవాళ్ళ పాత్ర పెద్దది. అవతలి గట్టున మాత్రం దుకాణాలకు టెండర్లు. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా నిషేధం ఉన్నప్పుడు మెక్సికో సరిహద్దు ఊళ్ళన్నీ సారా దుకాణాలతో నిండిపోయాయి. దాహం వేసినవాడు వంతెన దాటి తాగి, వంతెన దాటి ఇంటికి పోయేవాడు. ఇక్కడా అంతే. టీకొట్టు బల్ల మీద ఒకాయన వంతెన రాకముందు, వచ్చాక తేడా ఒక్క మాటలో తేల్చాడు: "అప్పుడు పడవోనికి గూడ పైసలియ్యాల్సొచ్చేది."

ఊరి చివర వలీ హైదర్ షా దర్గా ఉంది. ఉర్సుకు తెలంగాణ నుంచి బళ్ళు కట్టుకుని వస్తారు. అటు కాళేశ్వరంలో పుష్కరమైనా పిండమైనా సిరొంచ వాళ్ళు పోతారు. దేవుళ్ళ దగ్గర ఈ నది ఎప్పుడూ సరిహద్దు కాలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మనుషుల చరిత్ర కూడా కాదు. ప్రాణహిత గట్టున కోట అనే చిన్న ఊరుంది. అక్కడి సున్నపురాతి పొరల్లో చేపల శిలాజాలు పందొమ్మిదో శతాబ్దం మధ్యలోనే దొరికాయి. వాటి వల్ల ఈ రాళ్ళకు కోట ఫార్మేషన్ అని ప్రపంచమంతా వాడే పేరు వచ్చింది. తర్వాత సిరొంచ తాలూకా పోచంపల్లి దగ్గర, 1960 ప్రాంతంలో, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు సుమారు 300 ఎముకలు తవ్వి తీశారు. పొడవు మెడ, పొడవు తోక ఉన్న రాకాసి బల్లులవి. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు. టాగూర్ శతజయంతి ఏడాది కావడంతో ఆయన పేరు కలిపి బరపాసారస్ టాగోరై అన్నారు. ఎముకలన్నీ కూర్చిన నిలువెత్తు అస్థిపంజరం కలకత్తాలో ఉంది. ఇవతలి గట్టున, పాత ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లిలో, జియలాజికల్ సర్వే వాళ్ళకు దాని దాయాది దొరికింది. యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టాడు. అది హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. పదిహేడు పద్దెనిమిది కోట్ల ఏళ్ళ కింద ఒకే మైదానంలో మేసిన జంతువులు, రాష్ట్రాన్ని బట్టి చెరో ఊరికి పోయాయి! సిరొంచకు దగ్గర్లో వడదం ఫాసిల్ పార్కు ఉంది. రాయిగా మారిన చెట్ల మొద్దులు చేత్తో తడిమి చూడవచ్చు. పిల్లలను తీసుకుని బిర్లా మ్యూజియంకు పోయేవాళ్ళు ఒక్కసారి ఇటూ రావాలి.

పోచంపల్లి పేరు ఈమధ్య ఎముకల వల్ల కాకుండా కాంక్రీటు వల్ల వినబడుతోంది. మేడిగడ్డ బరాజ్ కుడి కొస తెలంగాణలో ఉంటే, ఎడమ కొస ఈ పోచంపల్లిలో ఆనుతుంది. మొదట ప్రాణహిత నీళ్ళను తుమ్మిడిహెట్టి దగ్గరే మళ్ళించాలనుకున్నారు. 152 మీటర్ల ఎత్తుకు మహారాష్ట్ర ఒప్పుకోలేదు, 148 దగ్గర ఆగింది. తెలంగాణ సంగమం కిందికి వచ్చి మేడిగడ్డ ఎంచుకుంది. 2016 ఆగస్టులో రెండు రాష్ట్రాల ఒప్పందం, 2019 జూన్ 21న ప్రారంభం, 85 గేట్లు, 16.17 టీఎంసీలు. నీళ్ళు తెలంగాణకు, అంచున మునిగే చెలకల్లో కొన్ని సిరొంచవి. 2022 జూలై వరదకు అవతల కన్నెపల్లి పంపుహౌసు మునిగింది, ఇవతల సిరొంచ ఊళ్ళూ మునిగాయి. 2023 అక్టోబరు 21న బరాజ్ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. ఆ తర్వాత హైదరాబాదులో ఆ పిల్లర్ల మీద జరిగిన రాజకీయం అందరికీ తెలిసిందే. పోచంపల్లి పక్కన రైతుకు అందులో ఒక్క వాక్యమే పనికొచ్చేది: నీళ్ళు నిలవడం లేదు, కనక ఈ ఏడు పంట వేసుకోవచ్చు.

ఆ గట్టునే పత్తి మూటలు ట్రాక్టరుకు ఎత్తిస్తున్న ఒక పెద్దమనిషితో మాట కలిపాను. పత్తి ఎటు పోతుంది కాకా అంటే, ఏ గట్టున రేటుంటే ఆ గట్టుకు అన్నాడు. ఈసారి మహాదేవపూర్ వైపేనట. ఎక్కణ్నుంచి వచ్చావు బిడ్డా అని అడిగాడు. లక్సెట్టిపేట అని చెప్పాను.

"మీకు ఎల్లంపల్లి మునిగింది గదా. పైసలొచ్చినయా అందరికి?"

కొందరికి వచ్చాయి, కొందరు కోర్టుల చుట్టూ తిరిగారు అన్నాను. ఆయన మూట ముడి బిగించి, కిందికి, ఇంద్రావతి కలిసే దిక్కుకు గడ్డం ఎత్తి చూపించాడు. కాటన్ పడవలు ఆగిన రెండో మెట్ట అటే. గోదావరిని కావేరికి కలిపే పథకంలో ఆ పేరే మళ్ళీ పైకి వచ్చింది.

"ఇచ్చంపల్లి గూడ కడ్తరంటున్నరు. మీదిక్కు పేపర్లల్ల ఏం రాస్తున్నరు, మా గట్టుకెళ్ళి ఎంత దూరం వస్తయట నీళ్ళు?"